ఏ తాళానికి ఏ చెవి?
విదేశీ చదువు, వలసకు ఇంగ్లిషు పరీక్ష ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఇంట్లో తెలుగు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. బజారుకెళ్తే హిందీ. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్‌లలో రోజుకు మూడు భాషలు మాట్లాడే తెలుగు పిల్లలు ఇంటింటా కనిపిస్తారు. భాష మార్చడం వాళ్లకు కొత్త కాదు. అయినా విదేశీ ప్రయాణం అనేసరికి ఒక దగ్గర తడబడుతున్నారు. ఐఈఎల్‌టీఎస్ రాయాలా, టోఫెలా, పీటీఈనా? ఇంట్లో కూర్చుని రాసే డుయోలింగో సరిపోదా?

చాలా ఇళ్లలో దీనికి జవాబు చుట్టాల దగ్గర దొరుకుతోంది. కర్నూలులో మేనమామ కొడుకు పీటీఈ రాశాడు, సులువుగా ఉందన్నాడు. ఇక మనవాడూ అదే! అక్కడే పొరపాటు జరుగుతోంది. ఐఈఎల్‌టీఎస్, పీటీఈల ఫీజు ఒక్కసారికి 15 వేల రూపాయలు ఎప్పుడో దాటింది. కోచింగు, దారి ఖర్చులు దానికి అదనం. ఇంత పెట్టి మంచి స్కోరే తెచ్చుకున్నా, వెళ్లాల్సిన చోట ఆ పరీక్ష చెల్లకపోతే కాగితం బీరువాలో పెట్టుకోవాల్సిందే.

అందుకే ఏది సులువు అన్న ప్రశ్న తర్వాత. ముందు తేలాల్సింది... స్కోరు అడుగుతున్నది ఎవరు?

అడిగేవాళ్లు నలుగురు

స్కోరు అడిగేది ఎప్పుడూ ఒక్కరే కాదు. సీటు ఇచ్చే యూనివర్సిటీ ఒకటి. వీసా ఇచ్చే ప్రభుత్వం రెండోది. నర్సులు, డాక్టర్ల వంటి వాళ్లకు లైసెన్సు ఇచ్చే కౌన్సిల్ మూడోది. అక్కడే స్థిరపడాలనుకుంటే వలస శాఖ నాలుగోది. ఒకరు ఒప్పుకున్న పరీక్షను మరొకరు ఒప్పుకోవాలని లేదు. అందరికీ పనికొచ్చే పరీక్ష ఉంటే అదే మేలు.

అమెరికా: యూనివర్సిటీదే మాట

అమెరికా విద్యార్థి వీసాకు ప్రభుత్వం ప్రత్యేకంగా ఫలానా ఇంగ్లిషు పరీక్ష రాయాలని నిబంధన పెట్టలేదు. యూనివర్సిటీ అడిగిందే లెక్క. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్‌లకు దాదాపు అన్నిచోట్లా గుర్తింపు ఉంది. పీటీఈ, డుయోలింగోలను కూడా చాలా యూనివర్సిటీలు తీసుకుంటున్నాయి. డుయోలింగో గంట పరీక్ష. ఇంట్లోనే రాయొచ్చు, ఖర్చు తక్కువ. అయితే ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటు ఒప్పుకుని మరొకటి కాదనొచ్చు. కోర్సు పేజీ చూడకుండా డబ్బు కట్టకూడదు.

టోఫెల్ రాసేవాళ్లు ఒక మార్పు గమనించాలి. 2026 జనవరి నుంచి స్కోరు 1 నుంచి 6 వరకు ఉండే కొత్త కొలతలో వస్తోంది. మార్పు కాలంలో పాత 120 మార్కుల లెక్కలో ఎంత అవుతుందో కూడా చూపిస్తారు. పాత పుస్తకాలు పట్టుకుని చదివేవాళ్లు పరీక్ష తీరు కూడా మారిందని మరిచిపోకూడదు.

బ్రిటన్: ఒకే పేరు, రెండు రకాలు

బ్రిటన్‌కు మామూలు ఐఈఎల్‌టీఎస్ ఒకటి, వీసాల కోసం ‘యూకేవీఐ’ పేరుతో ఇంకొకటి ఉన్నాయి. ప్రశ్నల తీరు ఒకటే. పరీక్ష కేంద్రం, నిఘా ఏర్పాట్లు వేరు. డిగ్రీ, పీజీ చదువుకు వెళ్లేవాళ్ల ఇంగ్లిషును యూనివర్సిటీయే అంచనా వేసుకోవచ్చు కాబట్టి చాలాచోట్ల మామూలు స్కోరు సరిపోతుంది. డిగ్రీ కంటే కింది స్థాయి ఫౌండేషన్ కోర్సుకు, ఉద్యోగ వీసాకు అయితే ప్రభుత్వ జాబితాలోని పరీక్షే కావాలి. పీటీఈలోనూ ఇలాగే యూకేవీఐ రకం ఉంది.

స్కిల్డ్ వర్కర్ వీసాకు కొత్తగా దరఖాస్తు చేసేవాళ్లకు ఇంగ్లిషు స్థాయిని 2026 జనవరి 8 నుంచి బీ1 నుంచి బీ2కి పెంచారు. రెండేళ్ల కిందట వెళ్లిన స్నేహితుడి లెక్క ఇప్పుడు పనికిరాదు.

బ్రిటన్ వీసాలకు టోఫెల్ చెల్లదు. 2014లో అక్కడి కొన్ని కేంద్రాల్లో ఒకరి బదులు మరొకరు పరీక్ష రాస్తున్నారని టీవీ కథనంలో బయటపడటంతో దాన్ని పక్కన పెట్టారు. ఆ గొడవలో వేలమంది విదేశీ విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి. తప్పు చేయలేదంటూ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లూ ఉన్నారు. ‘డబ్బిస్తే బ్యాండ్లు తెప్పిస్తాం’ అనే దళారుల మాట వినేముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

కెనడా: అకడమిక్ వేరు, జనరల్ వేరు

ఐఈఎల్‌టీఎస్‌లో అకడమిక్, జనరల్ ట్రైనింగ్ అని రెండున్నాయి. వినడం, మాట్లాడటం రెండింటిలోనూ ఒకటే. చదవడం, రాయడం భాగాలు మారతాయి. కెనడాలో కాలేజీ సీటుకు సాధారణంగా అకడమిక్ అడుగుతారు. శాశ్వత నివాసానికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో అది చెల్లదు. జనరల్ కావాలి. లేదంటే సెల్పిప్ జనరల్, పీటీఈ కోర్. ఈ పీటీఈ కోర్ వేరు, చదువులకు రాసే పీటీఈ అకడమిక్ వేరు.

ఇక్కడే చాలామందికి తెలియని ముడి ఒకటుంది. 2024 నవంబరు 1 తర్వాత చదువు ముగించి వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసేవాళ్లు కూడా మళ్లీ భాషా పరీక్ష చూపించాలి. యూనివర్సిటీ డిగ్రీ వాళ్లకు సీఎల్‌బీ 7, కాలేజీ కోర్సులు చేసే చాలామందికి సీఎల్‌బీ 5 స్థాయి అవసరం. సీటు కోసం రాసిన అకడమిక్ దీనికీ పనికిరాదు. అంటే రెండో పరీక్ష ఖర్చును ఇంట్లో బయలుదేరేటప్పుడే లెక్కలో వేసుకోవాలి.

సీఎల్‌బీ 7 అంటే ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో నాలుగు భాగాల్లోనూ 6.0. సీఎల్‌బీ 9కి వినడంలో 8.0, మిగతా మూడింటిలో 7.0 రావాలి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్లలో ఈ రెండింటికీ తేడా చాలా ఎక్కువ. ‘ఓవరాల్ ఏడు వచ్చింది’ అని సంబరపడితే చాలదు. ఒక్క భాగంలో తగ్గినా లెక్క మారిపోతుంది.

యానాం వాళ్లకు మరో మాట. కెనడా ఇంగ్లిషుతోపాటు ఫ్రెంచి పరీక్షలకూ పాయింట్లు ఇస్తుంది. 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఎంపికలు కూడా జరుపుతోంది. తాతల కాలం నాటి ఫ్రెంచి ఇంట్లో మిగలకపోయినా, నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లకు అదొక దారే.

ఆస్ట్రేలియా: పాత పట్టికలు పక్కన పెట్టండి

విద్యార్థి వీసాకు ఐఈఎల్‌టీఎస్ స్థాయిని 2024 మార్చిలో 5.5 నుంచి 6.0కు పెంచారు. 2025 ఆగస్టు 7 నుంచి వీసాలకు చెల్లే పరీక్షల జాబితా పెరిగింది. ఏ పరీక్షలో ఎంత వస్తే ఎంతకు సమానమన్న లెక్క కూడా కొన్నింటికి మారింది. ముఖ్యంగా పీటీఈ రాసేవాళ్లు కోచింగు సెంటరు గోడమీది పాత పట్టికను నమ్ముకోకూడదు. ఇంట్లో రాసే పరీక్షలను ఆస్ట్రేలియా వీసాకు తీసుకోరు.

నర్సులకు వేరే దారి

కర్ణాటకలో నర్సింగ్ చదివిన తెలుగు అమ్మాయిలు ఎందరో. వీళ్లకు ఓఈటీ ఉంది. ఇది వైద్యరంగం వాళ్లకే ప్రత్యేకం. రాయడంలో రోగి వివరాలతో రిఫరల్ లేఖ వంటివి, మాట్లాడటంలో రోగితో సంభాషణ ఉంటాయి. రోజూ వార్డులో చేసే పనే కాబట్టి వ్యాసాలు రాయలేనివాళ్లకు దగ్గరగా అనిపిస్తుంది. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ ఓఈటీలో వినడం, చదవడం, మాట్లాడటంలో బి గ్రేడు, రాయడంలో సి ప్లస్ అడుగుతుంది. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అయితే మూడింటిలో 7, రాయడంలో 6.5. జర్మనీకి వెళ్లాలనుకునే నర్సులు మాత్రం జర్మన్ నేర్చుకోవాల్సిందే. అక్కడ ఇంగ్లిషు స్కోరు ఆ పని చేయదు.

ఇప్పుడు చూసుకోండి... ఏది సులువో

వెళ్లే చోట రెండు మూడు పరీక్షలు చెల్లుతాయని తేలాక, అప్పుడు మన పిల్లల తీరు చూసుకోవాలి. ఐఈఎల్‌టీఎస్‌లో ఎదురుగా ఎగ్జామినర్ 11 నుంచి 14 నిమిషాలు మాట్లాడిస్తారు. మనిషి ఎదురుగా ఉంటే ధైర్యంగా మాట్లాడేవాళ్లకు ఇది మేలు. పీటీఈలో మైకు ముందు మాట్లాడాలి, మార్కులు ప్రధానంగా కంప్యూటరే వేస్తుంది. మూడు సెకన్లు ఆగితే రికార్డింగు ఆగిపోతుంది. ఆలోచించి ఆగి ఆగి మాట్లాడేవాళ్లకు ఇబ్బందే. కీబోర్డు అలవాటున్నవాళ్లకు, ఫలితం త్వరగా కావాల్సినవాళ్లకు అనుకూలం. ఫలితం సాధారణంగా రెండు రోజుల్లో వస్తుంది.

డబ్బు కట్టకముందే రెండింటి నమూనా పేపర్లు ఇంట్లో గడియారం పెట్టుకుని రాసి చూడాలి. ఏ భాగంలో తగ్గుతోందో తెలిసిపోతుంది.

అసలు పరీక్షే అక్కర్లేకపోవచ్చు

బ్రిటన్‌లో కొన్ని యూనివర్సిటీలు పన్నెండో తరగతి ఇంగ్లిషు మార్కులు బాగుంటే వేరే పరీక్ష అడగవు. అయితే ఏ బోర్డును ఒప్పుకుంటాయన్నది ఒక్కోచోట ఒక్కో తీరు. కర్ణాటక పీయూసీ, తమిళనాడు ప్లస్‌టూ, మహారాష్ట్ర హెచ్‌ఎస్‌సీలకు వచ్చే జవాబు, ఆంధ్ర ఇంటర్‌కు రాకపోవచ్చు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న అన్నదమ్ముల పిల్లలకు ఒకే యూనివర్సిటీ రెండు రకాలుగా చెప్పొచ్చు. ఈమెయిల్లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది.

పేరు దగ్గరే పేచీ

మన వాళ్లకు ఎక్కువగా తగిలే చిక్కు ఇదే. ఆంధ్ర పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడు, కర్ణాటక బడుల్లో తండ్రి పేరు ఇనీషియల్‌గా పడుతుంది. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఒకే అబ్బాయి పదో తరగతి మెమోలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటాడు. పరీక్షకు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా నమోదు చేయాలి. ఐఈఎల్‌టీఎస్, పీటీఈలకు మనదేశంలో పాస్‌పోర్టే గుర్తింపు కార్డు. అది లేకుండా వెళ్తే లోపలికి రానివ్వరు, ఫీజూ పోతుంది. పేరు సరిచేయించాల్సి ఉంటే పరీక్షకు ముందే ఆ పని ముగించుకోవాలి.

తేదీలు వెనక నుంచి లెక్కించండి

ఈ స్కోర్లు ఎక్కువగా రెండేళ్లే చెల్లుతాయి. తొందరపడి డిగ్రీ రెండో ఏడాదిలోనే రాస్తే దరఖాస్తు నాటికి గడువు తీరిపోవచ్చు. ఆలస్యం చేస్తే రెండోసారి రాయడానికి వ్యవధి ఉండదు. దరఖాస్తు చివరి తేదీ నుంచి మూడు నాలుగు నెలలు వెనక్కి లెక్కేసుకుంటే, ఒకసారి తప్పినా మరోసారి రాసుకోవచ్చు. ఐఈఎల్‌టీఎస్‌లో ఒక్క భాగమే మళ్లీ రాసే వీలు 2023లో వచ్చింది గానీ, ఆ స్కోరు అన్నిచోట్లా చెల్లదు.

కేంద్రాల దూరం కూడా లెక్కలోదే. హోసూరు వాళ్లకు బెంగళూరు పక్కనే. బళ్లారి నుంచి అదే బెంగళూరుకు రాత్రంతా ప్రయాణం. బరంపురం వాళ్లు భువనేశ్వర్‌కో విశాఖపట్నానికో, షోలాపూర్ వాళ్లు పుణెకో హైదరాబాద్‌కో వెళ్లాలి. ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే భాగం వేరే రోజు పడే అవకాశం ఉంది. తేదీ ఖాయం చేసుకునేటప్పుడే చూసుకుంటే రెండోసారి చార్జీలు తప్పుతాయి.

ఫీజు కట్టే ముందు ఒక తెల్లకాగితం మీద నాలుగు గీతలు గీయండి. యూనివర్సిటీ, వీసా, లైసెన్సు, స్థిర నివాసం. ఒక్కోదాని ఎదురుగా ఏ పరీక్ష, ఏ రకం, ఏ భాగంలో ఎంత అన్నది వాళ్ల సొంత వెబ్‌సైటు చూసి రాసుకోండి. నాలుగింటిలోనూ కనిపించే పేరు ఉంటే అదే మీ పరీక్ష. లేకపోతే ఎన్ని పరీక్షలు రాయాలో, ఎంత డబ్బు పక్కన పెట్టాలో ముందే తెలుస్తుంది.