కళ్లొక్కటే కనిపిస్తే

ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నం విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు ఒకసారి నడిచి చూడండి. స్కూటీల మీద పోయే ఆడపిల్లల్లో చాలామందికి ముఖమంతా చున్నీయే, కళ్లు తప్ప ఇంకేమీ కనబడదు. ఎండకీ దుమ్ముకీ అది వాళ్లు చూసుకున్న జాగ్రత్త. పల్లెల్లో నూర్పుళ్లప్పుడు ముక్కూ నోరూ కప్పేలా తుండుగుడ్డ కట్టుకోవడం ఇంకా పాత అలవాటు. 2020లో మాస్కు వచ్చి అందరికీ ఒక్కసారే ముఖం కప్పింది. ఆ ఏడాది మే మొదటి వారం దాకా రాష్ట్రంలో కరోనా కేసు లేకుండా నిలిచిన జిల్లా విజయనగరం ఒక్కటే. మాస్కు నుంచి మాత్రం మన జిల్లాకీ మినహాయింపు దొరకలేదు.

అప్పటి నుంచి తరచూ వినబడే నిష్ఠూరం ఒకటుంది: "ఏటే, ఎదురుపడినా మాటాడకుండా ఎల్లిపోతన్నావు?" అవతలి మనిషికి పొగరని ఇట్టే అనేసుకుంటాం. చాలాసార్లు అది అన్యాయం. ఆమె నిజంగానే గుర్తుపట్టలేదు.

ఎందుకంటే ముఖాన్ని మనం కళ్లు, ముక్కు, నోరు అని విడివిడిగా చదవం. అంతా కలిపి ఒకే రూపంగా పట్టుకుంటాం. ఫొటోని తలకిందులు చేస్తే ఇల్లో వస్తువో పెద్దగా మారినట్టు అనిపించదు గానీ, ముఖాన్ని పోల్చుకోవడం బాగా కష్టమైపోతుందని 1969లోనే రాబర్ట్ యిన్ అనే పరిశోధకుడు చూపించాడు. 1987లో ఆండ్రూ యంగ్, ఆయన సహచరులు ఒకరి ముఖం పైసగానికి మరొకరి కిందిసగం అతికించారు. చూసినవాళ్లకి మూడో మనిషెవరో కనిపించారు. పైసగం ఎవరిదో చెప్పమంటే తడబడ్డారు. అంటే కళ్లు కనబడుతున్నా, కింద ఏముందన్నదాన్ని బట్టి ఆ కళ్లు కూడా వేరుగా తోస్తాయి.

కరోనా కాలంలో టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరెజ్ ఫ్రాయిడ్ బృందం పెద్దవాళ్లకి మాస్కు ముఖాలు చూపించి పరీక్ష పెట్టింది. గుర్తుపట్టే సామర్థ్యం సుమారు 15 శాతం తగ్గింది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ తర్వాతి సంగతి. నెలల తరబడి మాస్కుల మధ్యే బతికాక మళ్లీ పరీక్షించినా జనం మెరుగుపడలేదు. యంత్రాలు మాత్రం మెరుగుపడ్డాయి. 2020 జులైలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 89 ముఖ గుర్తింపు ప్రోగ్రాములకు మాస్కు బొమ్మలిస్తే, అవి 5 నుంచి 50 శాతం దాకా తప్పాయి. మాస్కుల్ని దృష్టిలో పెట్టుకుని తర్వాత తయారైనవి ఆ తప్పుల్ని బాగా తగ్గించుకున్నాయి. మన మెదడుకి అంత తొందరగా కొత్త పాఠం ఎక్కదు.

బాగా తెలిసినవాళ్ల సంగతి వేరు. నడకని బట్టే స్నేహితుల్ని పోల్చుకోగలరని 1977లో కటింగ్, కొజ్లోవ్‌స్కీ అనే పరిశోధకులు తేల్చారు. వీధి చివర చున్నీ కట్టుకుని వచ్చే కూతుర్ని తల్లి అందుకే పోల్చుకుంటుంది. ఇబ్బందంతా సగం తెలిసినవాళ్లతోనే: పక్కవీధి మాస్టారు, ఎప్పుడో కలిసిన వియ్యాలవారి బంధువు, కొత్తగా చేరిన బ్యాంకు ఉద్యోగి.

మనసులోని భావం చదవడంలో జరిగే నష్టం ఇంకా చిత్రమైనది. 2020లో జర్మనీలోని బాంబెర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్బన్ 41 మందికి మాస్కున్న ముఖాలూ లేని ముఖాలూ చూపించాడు. మాస్కు వేశాక అసహ్యాన్ని కోపం అనుకున్నారు. సంతోషం, విచారం, కోపం ఉన్న ముఖాల్లో ఏ భావమూ లేదనుకున్నవాళ్లు చాలామంది. భయాన్ని మాత్రం దాదాపు మామూలుగానే పట్టేశారు. భయం పెద్దవైన కళ్లలో ఉంటుంది మరి.

నవ్వు గురించి ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లోనే ఒక మంచి విషయం రాశాడు. పెదవుల కొసల్ని పైకి లాగే కండరం మన మాట వింటుంది. కంటి చుట్టూ ఉన్న కండరం మాత్రం లోపలి ఆనందానికే కదులుతుందని ఆయన అభిప్రాయం. మర్యాదకు నవ్వే నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోతుంది. కొత్తవాళ్ల మధ్య ఒకరికొకరం ధైర్యం ఇచ్చుకునేది ఆ చిన్న నవ్వుతోనే. మాస్కు మింగేసేది ముందుగా దాన్నే. ఆ రోజుల్లో ఆసుపత్రి వార్డులో నర్సు అలసట, కంగారు రోగికి చేరేవి. ఆమె చిరునవ్వు చేరేది కాదు. ఈ నష్టం మనం ఇంకా సరిగా లెక్కలోకి తీసుకోలేదని నా అభిప్రాయం.

దీనికి ఒక మంచి ఉపాయం లైబీరియా నుంచి వచ్చింది. ఎబోలా రోజుల్లో అక్కడి వైద్య సిబ్బంది ఒళ్లంతా కప్పే దుస్తుల మీద, తాము నవ్వుతున్న ఫొటోలు అంటించుకునే పద్ధతిని మేరీ బెత్ హెఫర్నన్ అనే కళాకారిణి మొదలుపెట్టింది. కరోనాలో కొన్ని ఆసుపత్రులు దాన్నే అందుకున్నాయి. ఖర్చు ఒక్క ఫొటో ప్రింటుకే. మన ఆసుపత్రుల్లో మాస్కు తప్పని ప్రతి వార్డులోనూ ఇది ఉండాలి.

చెవులు మందగించిన పెద్దవాళ్లది మరో కష్టం. వాళ్లు తెలియకుండానే పెదవుల్ని చూసి మాట అందుకుంటారు. చెవి బాగున్నవాళ్లం కూడా వినేటప్పుడు పెదవుల సాయం తీసుకుంటామని 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు రుజువు చేశారు. మాస్కు పెదవుల్ని దాచి, గొంతునీ కాస్త తగ్గిస్తుంది. "ఏటన్నావు?" అని తాతగారు నాలుగోసారి అడిగితే విసుక్కోకండి. అరవకుండా, దగ్గరగా వెళ్లి, నిదానంగా, ఒక్కో మాటా విడమర్చి చెప్పండి.

చున్నీ తీసెయ్యమని ఆడపిల్లలకి చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఎండ వాళ్లది, ముఖం వాళ్లది. ముఖం కప్పుకున్నవాళ్లు సగం తెలిసినవాళ్లకి ఎదురైనప్పుడు ముందుగా పేరు చెప్పి పలకరిస్తే చాలు. ఎదుటివాళ్లు తల ఊపకపోతే, చూడలేదేమో అనుకుని ఇంకోసారి పిలవండి.