మైనపు ఓడ

మణికొండ ఫ్లాట్లో డైనింగ్ టేబుల్ మీద ఓడ బొమ్మ కట్టుకునేవాళ్ళకి తప్పు దిద్దుకోవడం మరీ కష్టమేం కాదు. చెక్కపట్టీ వంకరగా అతుక్కుంటే తడిగుడ్డ చుట్టి, తెల్ల జిగురు నానాక ఊడదీస్తారు. సందు మిగిలితే పుట్టీ పెట్టి గరుకు కాగితంతో రుద్దేస్తారు. రంగు పడ్డాక అతుకు ఎవరికీ కనపడదు. షోకేసులో ఉండే ఓడకి పరీక్ష కంటిచూపే.

నీళ్ళలో లాగి చూసే నమూనా సంగతి వేరు. దానికి తెరచాపలూ ఫిరంగులూ అక్కర్లేదు గానీ, పొట్ట ఆకారంలో పిసరంత తేడా రాకూడదు. దాని మీద కొలిచిన బలాన్ని వేలతో హెచ్చవేసి అసలు ఓడకి ఎంత ఇంజను కావాలో తేలుస్తారు మరి.

నమూనాలు లాగి చూడడం ముందునుంచీ ఉంది. లెక్క కుదిర్చినవాడు విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1867లో ఆయన ‘రేవెన్’ అనే సూదిముక్కు పడవనీ, ‘స్వాన్’ అనే గుండ్రటి పడవనీ 3, 6, 12 అడుగుల పొడవుల్లో చేయించి నదిలో లాగించాడు. సూదిముక్కే మేలని అప్పటి పెద్దల నమ్మకం. వేగం పెరిగేసరికి స్వానే తేలిగ్గా కదిలింది.

అసలు కిటుకు అలల్లో ఉంది. 16వ వంతు నమూనాని 4వ వంతు వేగంతో లాగితే, పెద్ద ఓడ లేపే అలలే చిన్నవిగా లేస్తాయి. 12 నాట్ల ఓడకి 3 నాట్లు చాలు. అలల వల్ల పుట్టే నిరోధాన్ని 4,096తో హెచ్చవేస్తే సరి. బ్రిటిష్ నౌకాదళం ఊరికే నమ్మలేదు. 1871లో ‘గ్రేహౌండ్’ అనే నిజం ఓడనే ఇంకో ఓడకి కట్టి లాగించి చూసింది. నమూనా చెప్పినదానికి దగ్గరగానే వచ్చింది.

కానీ నీటి రాపిడి ఈ సూత్రానికి లొంగదు. అందుకే ఫ్రూడ్ 1872లో ఇంగ్లండులోని టార్కీలో నడిపిన నీటి తొట్టెలో, ఇసుక అద్దినవీ గుడ్డ చుట్టినవీ రకరకాల పలకలు లాగి, రాపిడిని విడిగా కొలిచాడు. నమూనా లెక్కలోంచి దాన్ని తీసేసి, మిగతాది పెంచి, పెద్ద ఓడ రాపిడిని మళ్ళీ కలపాలి. నమూనా అబద్ధమాడుతుందని తెలిసీ, ఆ అబద్ధం ఎంతో కట్టి తీసేయడం! నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

నమూనాకి ఆయన వాడింది పారఫిన్ మైనం. పోతపోశాక యంత్రం గీతల ప్రకారం మెట్లుమెట్లుగా కోస్తుంది, చేత్తో నున్నగా గీకుతారు. ఎక్కువైతే చెక్కుతారు, తక్కువైతే కరిగిన మైనం పోసి మళ్ళీ గీకుతారు. పని అయిపోతే కరిగించి ఇంకో ఓడ పోస్తారు. మన ఎండలకి మాత్రం మైనం ఆకారం నిలవదు. కలప, ఫైబర్‌గ్లాస్ మేలు.

1948 మార్చి 14న ‘జల ఉష’ అనే ఓడని నీళ్ళలోకి దింపిన విశాఖలోనే, రక్షణ శాఖవారి ప్రయోగశాల ఎన్.ఎస్.టి.ఎల్.లో ఇప్పుడు 500 మీటర్ల పొడవైన తొట్టె ఉంది. నమూనాని లాగే బండి వేగం అందుకోవాలి, కాసేపు ఒకే వేగంతో సాగాలి, ఆగాలి. అంత చోటు కావాల్సిందే. ఒక పరుగు లేపిన అలలు పూర్తిగా సద్దుమణిగేదాకా ఇంకో పరుగు మొదలెట్టకూడదు, లేకపోతే పాత అల కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఇలాంటి తొట్టెల్లో ఇంకో చిత్రం: నున్నగా రుద్దిన నమూనా ముక్కు దగ్గర కావాలని ఇసుక పట్టీ అతికిస్తారు. పెద్ద ఓడ చుట్టూ నీళ్ళు సుళ్ళు తిరుగుతాయి, చిన్నదాని పక్కన మరీ బుద్ధిగా జారిపోతాయి. వాటిని చెదరగొట్టడానికే ఆ గరుకు.