పడవకు ఏ రేడియో?

దుకాణంలో రేడియో చూపించేవాళ్లు మొదట చెప్పేది బాండ్ల లెక్క. పది బాండ్లు, పన్నెండు బాండ్లు, ఇంత దూరం పడుతుంది, ఇంత గట్టిగా పలుకుతుంది అంటారు. తెలంగాణలోని మద్నూర్‌లో ఇంటి అరుగు మీద పెట్టుకుని వినేవారికి ఆ లెక్కతో వచ్చే నష్టం లేదు. హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద అందుతుంది, రాత్రయితే మరాఠీ, కన్నడ కేంద్రాలూ తగులుతాయి. ఏదీ అందకపోయినా ప్రాణం మీదికి రాదు. నిజాంసాగర్ జలాశయంలో వల వేసేవారిదీ దాదాపు అదే పరిస్థితి. గట్టు కనుచూపు మేరలోనే ఉంటుంది కాబట్టి మబ్బు పడితే ఒడ్డుకు వచ్చేయవచ్చు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం రేవుల నుంచి బయల్దేరి రోజుల తరబడి బంగాళాఖాతంలో ఉండే మరపడవ సంగతి వేరు. దాని సరంగు రేడియో కొనేటప్పుడు ఎన్ని స్టేషన్లు పడతాయని అడిగి లాభం లేదు. గాలివాన పట్టుకున్న రాత్రి ఎక్కడి స్టేషన్ పడుతుందని అడగాలి. ప్రమాదం ఏ దిక్కున ఉందో కబురు కూడా ఆ దిక్కు నుంచే రావాలంటే, అవసరమైన రోజునే ఆ కబురు ఆగిపోవచ్చు. షార్ట్‌వేవ్ రేడియోకు పడవలో చోటు ఎందుకంటే నేను చెప్పే కారణం ఇదొక్కటే. పాటలూ క్రికెట్టూ ఆ తర్వాత.

అసలు ఈ యంత్రం పుట్టుకలోనే పడవ ఉంది. అమెరికాలో జెనిత్ రేడియో కంపెనీని నడిపిన యూజీన్ మెక్‌డొనాల్డ్‌కు నౌకలంటే పిచ్చి. 1925లో మాక్‌మిలన్ ఆర్కిటిక్ యాత్రకు ఆయన ఒక నౌకను నడిపాడు. మంచుదేశం నుంచి భూగోళం అవతలి కొసకు షార్ట్‌వేవ్ మాట ఎలా చేరుతుందో ఆ యాత్రలోనే చూశాడు. చేతపట్టుకుని పోగలిగే షార్ట్‌వేవ్ సెట్టు కావాలని, పడవలో కూడా వార్తలు అందాలని తన ఇంజనీర్ల వెంటపడ్డాడు. ఆ ఒత్తిడి నుంచి 1942 ఆరంభంలో ట్రాన్స్-ఓషనిక్ అనే సెట్టు వచ్చింది. మొదటి సెట్ల ముందరి గుడ్డ మీద తెరచాప పడవ బొమ్మ ఉండేది. అమెరికా యుద్ధంలోకి దిగడంతో పడవ పోయి బాంబర్ విమానం వచ్చింది. ఏడాది సగమైనా కాకముందే పౌరుల కోసం చేసే తయారీ నిలిచిపోయింది. యుద్ధం ముగిశాక మళ్లీ మొదలై, 1957లో తొమ్మిది ట్రాన్సిస్టర్లతో రాయల్ 1000గా రూపం మార్చుకుంది. ఆ మార్పును తక్కువ చేసి చూడకూడదు. వాల్వుల సెట్టుకు ఫిలమెంట్లు వెలిగించడానికి ఒక బ్యాటరీ, ప్లేట్లకు తొంభై వోల్టుల మరో బ్యాటరీ కావాలి. ట్రాన్సిస్టర్ సెట్టుకు కిరాణా కొట్టులో దొరికే టార్చిలైటు సెల్లు చాలు. ధనవంతుడి విహారనౌక కోసం పుట్టిన వస్తువు చేపల పడవ ఎక్కగలిగిందంటే ఆ సెల్లే కారణం. అయినా మన దేశంలో అది ఎక్కడానికి ఇంకొక గడప దాటాల్సి వచ్చేది. రేడియో పెట్టుకున్న ప్రతివాడూ పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టే పద్ధతి 1980ల దాకా సాగింది.

తెలుగువారు షార్ట్‌వేవ్‌ను ఎక్కువగా రేడియో సిలోన్ వల్ల ఎరుగుదురు. మీనాక్షి పొన్నుదురై తెలుగు కార్యక్రమాలు కొలంబో నుంచి పన్నెండు పదమూడు వందల కిలోమీటర్లు దాటి తెలంగాణ పల్లెలకు చేరేవి. ఆ దూరాన్ని దాటించేది ఆకాశంలోని అయనావరణం. నేలకు వందా మూడు వందల కిలోమీటర్ల మధ్య, సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన పొరలు షార్ట్‌వేవ్ తరంగాన్ని వంచి కిందికి తిప్పి పంపుతాయి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భావరాజు రామచంద్రరావు, ఆయన శిష్యులు ఈ పొరల కదలికల మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. పడవ ఎక్కేవాడికి ఈ భౌతికశాస్త్రంలోంచి కావాల్సిన ముక్క ఒకటుంది. తిరిగి వచ్చే తరంగం దగ్గర్లో దిగదు. 11 మెగాహెర్ట్జ్ మీద పలికే కేంద్రం తన చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్లు వినిపించి, తర్వాత వందల కిలోమీటర్లు మూగబోయి, ఆ పైన మళ్లీ స్పష్టంగా పలుకుతుంది. చెన్నైకి రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న పడవ ఆ ఫ్రీక్వెన్సీలో చెన్నైని వినలేకపోవచ్చు, ఢిల్లీని వింటుంది. ఇంట్లో కూర్చున్నవాడికి ఇది లోపంలా కనిపిస్తుంది. తుపానులో చిక్కిన పడవకు ఇదే అక్కరకొస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. సముద్రం మీద మీడియం వేవ్ అంత బాగా అందుతుంటే షార్ట్‌వేవ్ ఎందుకు? అందుతుందన్నది నిజం. మీడియం వేవ్ పగటిపూట నేలను అంటుకుని పోతుంది. దాని దారిలోని నేల ఎంత బాగా విద్యుత్తును ప్రవహింపనిస్తే అంత దూరం పోతుంది. ఉప్పునీటి వాహకత దక్కన్ రాతినేల కంటే వేల రెట్లు, మద్నూర్ చుట్టుపక్కల ఉండే తడిసిన నల్లరేగడి కంటే కూడా వందల రెట్లు ఎక్కువ. అందుకే 738 మీద రెండు వందల కిలోవాట్లతో పలికే హైదరాబాద్ మద్నూర్ చేరేసరికి సన్నబడుతుంది. దానిలో సగం శక్తితో 927 మీద పలికే విశాఖపట్నం, మూడు వందల కిలోమీటర్ల సముద్రం దాటాక కూడా గట్టిగానే ఉంటుంది. మామూలు రోజుల్లో, పట్టపగలు, మీడియం వేవ్‌కు సాటి లేదు. కానీ వాయుగుండం కమ్ముకున్న రోజు మామూలు రోజు కాదు. మెరుపులు పుట్టించే గరగర తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఎక్కువ. హెచ్చరిక వినాల్సిన గంటలోనే 927 మీద మాట పిడుగుల చప్పుడులో కలిసిపోతుంది, 9, 11 మెగాహెర్ట్జ్‌ల దగ్గర ఆ గోల చాలా తక్కువ. రాత్రయితే దూరదేశాల మీడియం వేవ్ కేంద్రాలన్నీ ఆకాశం మీదుగా వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి. వీటన్నిటికంటే పెద్ద చిక్కు తీరంలోని ట్రాన్స్‌మిటర్ కూడా అదే తుపాను దారిలో ఉండడం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరం రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేకుండా గడిపింది. తీరమే చీకట్లో ఉన్నప్పుడు తీరపు గొంతు మీదే ఆధారపడ్డ పడవ ఏం వింటుంది? వెయ్యి కిలోమీటర్ల అవతల, ఎండ కాస్తున్న ఊళ్లో ఉన్న ట్రాన్స్‌మిటర్‌కు ఈ బెడద లేదు.

ఈ లెక్క ఒప్పుకుంటే పెట్టె ఎంపిక దానంతట అదే తేలుతుంది. ఏరియల్ ఎంత పొడవు, స్పీకర్ ఎంత మోత అన్నవి వెనక్కి పోతాయి. ముందుగా చూడాల్సింది సెట్టు లోపల ఫ్రీక్వెన్సీని ఒకసారి మారుస్తారా, రెండుసార్లా అన్నది. చవక సూపర్ హెటిరోడైన్ సెట్లలో అన్ని స్టేషన్లనూ ఒక్క మార్పుతోనే 455 కిలోహెర్ట్జ్‌కు దించుతారు. దాని ఫలితంగా ప్రతి బలమైన స్టేషనూ 910 కిలోహెర్ట్జ్ కింద ఒక దొంగ స్టేషన్‌గా మళ్లీ పుడుతుంది. 11905 మీద ఉన్న కేంద్రం 10995 దగ్గరా పలుకుతుంది. పన్నెండు బాండ్ల గొప్పలో కొంత వాటా ఈ దొంగలదే. రెండుసార్లు మార్చే సెట్టు, లేదా ఈ మధ్య చిన్న సెట్లలో కూడా వస్తున్న డిజిటల్ చిప్పు సెట్టు ఈ దొంగల్ని చాలావరకు తరిమేస్తుంది. తర్వాత ముల్లు స్థానంలో అంకెలు ఉండాలి. ఊగే పడవలో, చీకట్లో, తడిచేతులతో దారం చుట్టిన ముల్లును వెంట్రుకవాసి జరపడం కుదిరే పని కాదు. సింగిల్ సైడ్‌బ్యాండ్ వినగలగడం మూడోది. నౌకలు 4, 6, 8, 12 మెగాహెర్ట్జ్ ప్రాంతాల్లో మాట్లాడుకునేది ఆ పద్ధతిలోనే. ఆ ఏర్పాటు లేని సెట్టులో అది అర్థంకాని గొణుగుడు. పడవ దేనితో చేసినదో కూడా ఆలోచించాలి. ఇనుప గదిలో తరంగం దూరదు కాబట్టి సెట్టో, దాని తీగో బయటికి రావాలి. ఫైబర్ పడవలో తరంగం వస్తుంది, దానితోపాటు ఎల్‌ఈడీ దీపాల, చార్జర్ల, ఇన్వర్టర్ల గోల కూడా వస్తుంది. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు లేకపోయినా దాని ఆల్టర్నేటర్ చాలు. అందుకని పడవ కరెంటుతో మాత్రమే నడిచే సెట్టు ఎంత ఖరీదైనదైనా నేను వద్దంటాను. సెల్లు వేసుకునే సెట్టయితే, అన్నీ ఆపేసి వినవచ్చు. కొయ్యకు కట్టిన అయిదారు మీటర్ల తీగ గొప్ప మేలు చేస్తుంది గానీ చిన్న సెట్టుకు అది ఎక్కువైపోయి స్టేషన్లన్నీ కలగాపులగం అవుతాయి. లోకల్ (దగ్గర), డిఎక్స్ (దూరం) అని రాసి ఉండే మీట ఎందుకో అప్పుడు తెలుస్తుంది. ఇక ఉప్పు. సెల్లు కూర్చునే స్ప్రింగులను తినేసేది అదే. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచీకి మించిన కవచం ఈ ధరలో లేదు.

షార్ట్‌వేవ్ చచ్చిపోతోంది కదా అనే మాట కూడా వినాలి. అందులో చాలా నిజముంది. 4800 కిలోహెర్ట్జ్ మీద పలికిన హైదరాబాద్‌తో సహా ఆకాశవాణి ప్రాంతీయ షార్ట్‌వేవ్ ప్రసారాలు చాలావరకు ఆగిపోయాయి. 2020 జనవరి చివర బీబీసీ హిందీ షార్ట్‌వేవ్‌ను వదిలేసింది. ఇంకా తెలుగులో పలికే కొన్ని మత ప్రచార కేంద్రాలు తుపాను కబుర్లు చెప్పవు. సెల్‌ఫోన్ దానికి బదులు కాలేదు, తీరం నుంచి పదీ పన్నెండు కిలోమీటర్లు దాటితే దాని గీతలు మాయమవుతాయి. అసలైన పోటీ హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ నుంచి వచ్చింది. 2019 అక్టోబరులో విడుదలైన జెమిని పరికరం గగన్ ఉపగ్రహాల ద్వారా తుపాను హెచ్చరికలనూ, చేపలు దొరికే చోట్ల సమాచారాన్నీ అందుకుని బ్లూటూత్ మీద ఫోనుకు ఇస్తుంది, అదీ తెలుగులో. వాయుగుండాల కాలంలో పడవకు ఒక్కటే కొనగలిగితే దాన్నే కొనమంటాను. కాకపోతే గమనించండి, అది కూడా రేడియోలాగే వినడమే తెలిసిన పెట్టె. తీరం మీద ఏమైనా దానికి పట్టదు, ఆకాశం నుంచి అందుకుంటుంది. షార్ట్‌వేవ్ అయనావరణంతో చేయించిన పనిని ఇది ఉపగ్రహంతో చేయిస్తోంది. కాబట్టి ఈ పరికరం నా వాదనను కొట్టేయదు. దూరపు గొంతు కావాలన్న అవసరాన్ని ఇంకో దారిలో తీరుస్తుంది, అంతే. రేడియోకు మిగిలింది రెండో చెవి స్థానం. ఫోను తడిసినా, చార్జి అయిపోయినా, రెండు సెల్లతో పని చేసే చెవి అది.

ఆ రెండో చెవికి ఇంకో పని కూడా వచ్చు, దుకాణదారు ఎప్పుడూ చెప్పడు. మీడియం వేవ్ వినడానికి సెట్టు లోపల ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. సెట్టును మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట స్టేషన్ దాదాపు వినిపించకుండా పోతుంది. అప్పుడు కడ్డీ కొస ట్రాన్స్‌మిటర్ వైపు చూపిస్తున్నట్టు. ముందువైపో వెనకవైపో తేలదు గానీ, ఆంధ్ర తీరం బంగాళాఖాతానికి పడమర దిక్కునే కాబట్టి ఆ సందేహం మన పడవలకు ఉండదు. విశాఖ 927తో ఒక గీత, విజయవాడ 837తో ఇంకో గీత గీస్తే రెండూ కలిసే చోటికి అటూఇటూగా పడవ ఉంటుంది. పగలు మాత్రమే చేయాలి. పొద్దు గుంకాక ఆకాశం నుంచి దిగే తరంగం కలవడంతో ఆ మూగ దిక్కు చెదిరిపోతుంది, గీత తప్పుతుంది.