పెనుకొండకు రెండు సముద్రాలు!

తెర మీద హీరో అటునుంచి పరుగెత్తుకొస్తాడు. హీరోయిన్ ఇటునుంచి పరుగెత్తుకొస్తుంది. కాళ్ళ కింద తడి ఇసుక, వెనక తెల్లటి నురుగు, పైట చెంగును ఎగరేసే ఉప్పుగాలి! హాల్లో కూర్చున్న మన పెనుకొండ కుర్రాడు పక్కవాడి భుజం గిల్లి అనే మాట ఒక్కటే... "ఒక్కసారన్నా సముద్రం సూడాల మామా!"

ఆ కోరికలో తప్పేముంది? చుట్టూ కొండలు, గుట్టలు, వేరుశనగ చేలు. ఏడాదిలో కురిసే వాన చేతివేళ్ళ మీద లెక్కపెట్టుకునే సీమ మనది. నీళ్ళంటే మనకు బావి, చెరువు అంతే. అలాంటిది కంటికి ఆనినంత మేరా నీళ్ళే నీళ్ళు అంటే మనసు ఆగుతుందా?

అయితే ఓ తమాషా చూడండి. ఆంధ్రదేశం మ్యాపు తీసి పెనుకొండ మీద స్కేలు పెట్టి తూర్పుకు ఓ గీత గీయండి. సుమారు 280 కిలోమీటర్లకు నెల్లూరు తీరం తగులుతుంది. అదే గీతను పడమరకు లాగండి. సుమారు 330 కిలోమీటర్లకు కర్ణాటకలోని హొన్నావర, భట్కళ్ తీరం తగులుతుంది. రోడ్డు మీద వెళితే దూరం ఇంకా ఎక్కువే అవుతుందనుకోండి. అయినా ఇటు బంగాళాఖాతం, అటు అరేబియా సముద్రం... మనం దాదాపు నట్టనడుమ ఉన్నాం. విశాఖవాళ్ళకు ఉన్నది ఒకే సముద్రం. మనకు రెండు! ఏది కావాలో ఎంచుకునే హక్కు మనదే.

కానీ ఎలా ఎంచుకోవాలి? అసలు ప్రశ్న అదీ!

ఒకే కథ - రెండు తీరాలు

ఈ చిక్కు మనకంటే ముందే ఓ మహా దర్శకుడికి వచ్చింది. ఆయన రెండు సముద్రాలనూ వాడేసుకున్నాడు. 1978లో కె.బాలచందర్ "మరోచరిత్ర" తీసినప్పుడు కమల్ హాసన్, సరితల ప్రేమకు విశాఖపట్నం, భీమిలి తీరాలే ఇల్లూ వాకిలీ. రంగుల సినిమాలు జోరుమీదున్న రోజుల్లో తెలుపు-నలుపులో తీసిన ఆ చిత్రం తమిళుల మద్రాసులోనూ, కన్నడిగుల బెంగుళూరులోనూ ఏడాది దాటి ఆడింది. ఆ కథనే 1981లో హిందీలో "ఏక్ దూజే కే లియే"గా తీశాడాయన. కమల్ హాసన్ పక్కన రతీ అగ్నిహోత్రి వచ్చింది. సముద్రం కూడా మారింది. విశాఖ స్థానంలో గోవా!

కథ ఒకటే, కెరటాలు వేరు. ఆ తేడాయే మనకిప్పుడు కావాలి.

మొదటి తేడా సూర్యుడిది. తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి పుడతాడు, పడమటి తీరంలో సముద్రంలోకి దిగుతాడు. విశాఖలో తీసిన పాటలో ఎర్రటి సూర్యుడు నీళ్ళ అంచున కనిపిస్తే అది సాయంత్రం సీను అనుకునేరు! యూనిట్ అంతా తెల్లవారుజామున లేచి తీసుకున్న షాట్ అది. కాబట్టి సూర్యోదయం కావాలా, తూర్పుకు వెళ్ళండి. సూర్యాస్తమయం కావాలా, పడమరకు వెళ్ళండి. విశాఖ వెళ్ళి పొద్దెక్కేదాకా లాడ్జిలో పడుకుని, సాయంత్రం "సన్‌సెట్ ఏదిరా?" అని వెతికితే అది సముద్రం తప్పు కాదు.

రెండో తేడా నెలలది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాలకు అరేబియా సముద్రం రౌద్రరూపం ఎత్తుతుంది. గోవా, గోకర్ణ వైపు ఆ రోజుల్లో చాలాచోట్ల నీళ్ళలో దిగనివ్వరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం వంతు, తుఫానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. కాబట్టి రెండు తీరాలకూ పనికొచ్చే మంచి కాలం సంక్రాంతి మొదలు శివరాత్రి దాటేవరకు. వేసవి సెలవుల్లోనే కుదురుతుందంటే ఏప్రిల్, మే మొదటి వారాల్లో చూసుకోండి. ఎండకు మాత్రం సిద్ధపడండి. చేపల వేపుడు మీద ఆశపెట్టుకున్న వాళ్ళకు ఒక మాట... తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి!

తూర్పుకు వెళ్ళే బండి

హిందూపురంలోనో, ధర్మవరంలోనో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగకుండా విశాఖ చేరవచ్చు. అక్కడ ఒక్క బీచి కాదు, ఓ బీచి కుటుంబమే ఉంది.

పెద్దన్న రామకృష్ణా బీచి. నగరం నడిబొడ్డునే ఉంటుంది. ముంతకింద పప్పు, మొక్కజొన్న పొత్తు, సాయంకాలపు జనం... చూడ్డానికి ఇంతకంటే సందడి ఎక్కడా లేదు. ఒడ్డునే ఉన్న ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామిలోకి తప్పకుండా దూరి రండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా నిలబడి ఉంది. 2017లో వచ్చిన రానా "ఘాజీ" చూశారు కదూ? 1971 యుద్ధంలో ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మునిగింది ఈ విశాఖ సముద్రంలోనే. కానీ ఈ బీచిలో స్నానానికి మాత్రం దిగవద్దు. ఇక్కడి ప్రవాహాలు, రాళ్ళు ఎందరినో పొట్టన పెట్టుకున్నాయి. ఇది చూసే బీచి, మునిగే బీచి కాదు.

రెండోది రుషికొండ. 2020లో దేశంలో మొదటి విడతగా బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది బీచిల్లో ఇది ఒకటి. నీటి శుభ్రత, కాపలా సిబ్బంది వంటి షరతులు చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. నీళ్ళలో దిగి తీరాలనుకుంటే విశాఖలో ముందు చూడవలసింది ఇదే. అదీ కాపలావాళ్ళు చూపించిన హద్దుల్లోనే సుమా!

మూడోది యారాడ. డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల ఉంది. మూడువైపులా పచ్చటి కొండలు, నాలుగోవైపు సముద్రం. కెమెరామన్‌కు పండగే! ఊరికి దూరం కాబట్టి జనం తక్కువ. కెరటం జోరు మాత్రం ఎక్కువే. ఇక్కడ కళ్ళకు పని చెప్పండి, కాళ్ళను ఒడ్డునే ఉంచండి.

చివరిది భీమిలి. విశాఖ నుంచి సముద్రం పక్కనే సాగే రోడ్డు మీద బస్సులో వెళ్ళండి. ఆ ప్రయాణమే ఓ డ్యూయెట్! దారిలో ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్ళపాటు గాలీ నీరూ కలిసి చెక్కిన ఇసుక దిబ్బలవి. భీమిలి చేరాక డచ్చివాళ్ళ పాత సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉంటాయి. "మరోచరిత్ర" ప్రేమికులకు ఇది తీర్థయాత్రే. ఒక్క జాగ్రత్త... నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎప్పుడూ దిగకూడదు. నది నీరు ఒకవైపు లాగుతుంది, పోటు ఇంకోవైపు తోస్తుంది.

అంత దూరం ఎందుకంటారా? మన హిందూపురం, ధర్మవరం మీదుగా బందరు వెళ్ళే కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఉంది. వారంలో అన్ని రోజులూ నడవదు, చూసుకుని ఎక్కండి. బందరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లలో మంగినపూడి. అక్కడ బంగారు ఇసుక ఉండదు, నల్లమట్టి. చాలా దూరం లోతు తక్కువ. ఫొటోలో అంత అందంగా పడకపోవచ్చు. అమ్మా నాన్నా, చిన్న పిల్లలూ వెంట ఉన్నవాళ్ళకు మాత్రం ఇలాంటి నెమ్మది సముద్రమే ముద్దు. బాపట్ల పక్కన సూర్యలంక, చీరాల పక్కన వాడరేవు, నెల్లూరు దగ్గర మైపాడు... వీటిలో ఇసుక బాగుంటుంది, జనమూ బాగుంటారు. కార్తీక పౌర్ణమికైతే ఇసుక వేస్తే రాలదు. అది పున్నమి పోటు బలంగా ఉండే రోజు, పైగా తుఫానుల కాలం. పుణ్యం కావాలంటే గజ ఈతగాళ్ళు నిలబడిన చోటే మునిగి రండి.

ఇక కాకినాడ దగ్గర ఉప్పాడ! 2021లో "ఉప్పెన" చూసి మనసు పారేసుకున్న వాళ్ళెందరో. ధర్మవరం పట్టుచీర మనదైతే జాందానీ చీర వాళ్ళది. అయితే ఉప్పాడ ఒడ్డును సముద్రం ఏటేటా కోసుకుపోతోంది. రోడ్డు పక్కన రాళ్ళ కట్టకే కెరటాలు కొడుతుంటాయి. అక్కడ నేతను చూడండి, పడవలు చూడండి, అల్లంత దూరం నుంచి కెరటాన్ని చూడండి. స్నానం మాట మరిచిపోండి.

పడమటి కొండల మాటున

కొండ ఒడిలోకి సముద్రం దూరి చిన్న మూలలా ముడుచుకున్న చోట్లు కావాలంటే పడమరకే వెళ్ళాలి. ముందు బెంగుళూరు చేరండి. అక్కడి నుంచి కార్వార్ వైపు వెళ్ళే రాత్రి రైలు హొన్నావర, గోకర్ణ తీరాలకు దింపుతుంది.

గోకర్ణలో కుడ్లె, ఓం, హాఫ్ మూన్, ప్యారడైజ్ అని వరసగా నాలుగు బీచిలు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కొండ అడ్డం. ఓం బీచిని పైనుంచి చూస్తే ఓంకారంలా ఒంపులు తిరిగి ఉంటుంది. మహాబలేశ్వరుడి దర్శనమూ అవుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళ పర్మిషనూ సులభంగా దొరుకుతుంది! కొండ మీంచి నడిచి వెళ్ళే దారులు పగలే బాగుంటాయి. రాళ్ళ మీద నాచు ఉంటుంది, కెరటం చెప్పకుండా వస్తుంది. సెల్ఫీ కోసం చివరి రాయి దాకా వెళ్ళేవాళ్ళకు ఇది చెప్పకతప్పదు.

హొన్నావర దగ్గర శరావతి నదికి అవతల కాసరకోడ్ బీచి ఉంది. రుషికొండతో పాటే 2020లో బ్లూ ఫ్లాగ్ అందుకుంది. మన పెనుకొండ నుంచి పడమరకు గీసిన గీతకు దగ్గర్లోనే తగిలే తీరం ఇది. జోగ్ జలపాతమై దూకేది కూడా ఈ శరావతే. ఒకే ట్రిప్పులో రెండూ చూసి రావచ్చు.

బావిలో ఈత వేరు

ఇప్పుడు కాస్త నవ్వులు పక్కన పెడదాం. 2024 డిసెంబరులో మన పొరుగునే ఉన్న కోలారు జిల్లా నుంచి విహారయాత్రకు వెళ్ళిన నలుగురు బడిపిల్లలు మురుడేశ్వర బీచిలో మునిగి చనిపోయారు. వాళ్ళదీ మనలాంటి సముద్రం లేని ఊరే. డిసెంబరు అంటే పడమటి తీరానికి మంచి కాలమే! కాలం మంచిదైతే చాలదని ఆ పిల్లల కథ చెబుతోంది.

మనవాళ్ళలో చాలామంది వీపుకు బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చినవాళ్ళే. "నాకు ఈతొచ్చు" అన్న ధైర్యమే సముద్రంలో శత్రువు. బావిలో నీళ్ళు నిలబడి ఉంటాయి. సముద్రంలో నీళ్ళు నడుస్తాయి. కెరటాలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరంతా మళ్ళీ లోపలికి పోవాలి కదా? అది ఓ సన్నని దారి చేసుకుని వేగంగా వెనక్కి లాగుతుంది. చిత్రమేమిటంటే ఆ దారి ఉన్నచోట కెరటాలు విరగవు. అటూ ఇటూ తెల్లటి నురుగు, మధ్యలో మాత్రం ముదురు రంగులో నిమ్మళమైన నీళ్ళు. కొత్తవాడు చూసి "ఇక్కడ శాంతంగా ఉందిరా" అని అక్కడే దిగుతాడు!

అందులో చిక్కితే ఒడ్డువైపు ఈదకండి. ఒలింపిక్ ఈతగాడు కూడా ఆ ప్రవాహానికి ఎదురీది గెలవలేడు. కంగారు పడకుండా తేలండి, చెయ్యెత్తి పిలవండి. ఈదే శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ఆ లాగుడు వెడల్పు తక్కువ. దాటాక కెరటాలు విరిగే చోటునుంచి ఏటవాలుగా ఒడ్డుకు రండి. స్నేహితుడు కొట్టుకుపోతుంటే హీరోలా దూకకండి. పోతే ఇద్దరూ పోతారు. తేలే వస్తువు ఏదైనా, ఖాళీ నీళ్ళ క్యాను అయినా సరే, విసరండి. కాపలావాళ్ళను కేకెయ్యండి, 112కు ఫోన్ చెయ్యండి.

బయల్దేరే ముందురోజు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం 'ఇన్‌కాయిస్' ఇచ్చే కెరటాల హెచ్చరికలు చూడండి. బీచికి చేరాక మొదటి అరగంట నీళ్ళలో దిగకుండా ఊరికే చూడండి. అక్కడి జాలరిని "అన్నా, ఎక్కడ దిగొచ్చు?" అని అడగండి. ఏ చోట లాగుతుందో ఏ బోర్డుకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇంతకీ సినిమాలో ఆ పాట ఎలా తీస్తారో గమనించారా? హీరో హీరోయిన్లు మోకాళ్ళ లోతు దాటి లోపలికి వెళ్ళేది తక్కువ. పరుగంతా తడి ఇసుక మీదే. అదే గట్టిగా ఉంటుంది, కాలు దిగబడదు, కెమెరాకూ అందం. మీ పాట కూడా అక్కడే పాడుకోండి. సూర్యోదయం కోసం విశాఖ రైలెక్కుతారో, సూర్యాస్తమయం కోసం గోకర్ణ దారి పడతారో మీ ఇష్టం.

టికెట్లు మాత్రం రానూపోనూ రెండూ తీసుకోండి. ఎంతమంది వెళ్ళారో అంతమందీ తిరిగి పెనుకొండ స్టేషన్లో దిగాలి!