నెలసరి నొప్పికి శస్త్రచికిత్స: ముందే తెలుసుకోవలసినవి

నెలసరి స్త్రీకి బాధాకరమైన స్థితి అని దివ్యఖుర్ఆన్ గుర్తించింది. ఆ రోజుల్లో ఆమెకు నమాజు నుండి మినహాయింపు ఉంది. ఉపవాసాలను తరువాత పూర్తిచేసుకునే వెసులుబాటూ ఉంది. అయినా మన ఇళ్లలో "ఆడపిల్లలకు ఇది మామూలే" అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. లేచి పని చేసుకోలేనంతగా ప్రతినెలా వేధించే నొప్పి మామూలు కాదు. దానికి ఎండోమెట్రియోసిస్ కారణం కావచ్చు.

గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరగడమే ఈ వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానోత్పత్తి వయసులోని స్త్రీలలో సుమారు 10 శాతం మంది, అంటే దాదాపు 19 కోట్ల మంది దీనితో బాధపడుతున్నారు. దాంపత్య కలయికలో నొప్పి, మలవిసర్జనలో నొప్పి, సంతానం కలగకపోవడం కూడా దీని లక్షణాలే.

సాధారణంగా మొదట నొప్పి మందులు, హార్మోను మాత్రలు ఇస్తారు. వాటితో గుణం కనిపించకపోయినా, అండాశయంపై పెద్ద తిత్తి ఏర్పడినా శస్త్రచికిత్స ఆలోచిస్తారు. ఎక్కువగా చేసేది లాపరోస్కోపీ. పూర్తి మత్తు ఇచ్చి, బొడ్డు వద్ద, పొత్తికడుపుపై చిన్న గాట్లు పెట్టి, కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి, కెమెరాతో చూస్తూ వ్యాధి కణజాలాన్ని కోసి తీసివేస్తారు లేదా కాల్చివేస్తారు.

చాలామంది అదే రోజో, ఒకటి రెండు రోజులకో ఇంటికి చేరతారు. ఆ వాయువు వల్ల కొన్ని రోజులు భుజం నొప్పి ఉండవచ్చు. కోలుకోవడానికి సుమారు రెండు వారాలు, పేగులపై శస్త్రచికిత్స జరిగితే అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. జ్వరం, పెరుగుతున్న నొప్పి, అధిక రక్తస్రావం, మూత్రం రాకపోవడం కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి. కొద్దిపాటి రక్తస్రావం కనిపించినప్పుడు నమాజు విషయంలో సందేహం కలిగితే ధర్మపండితులను అడిగి తెలుసుకోవాలి.

నొప్పి చాలామందికి తగ్గుతుంది. అయితే వ్యాధి మళ్లీ రావచ్చు. అందుకే శస్త్రచికిత్స తరువాత కూడా మందులు కొనసాగించవలసి రావచ్చు. తిత్తిని తీసేటప్పుడు అండాల నిల్వ కొంత తగ్గవచ్చు కనుక సంతానం కోరుకునేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

మరొక హెచ్చరిక. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. గర్భసంచి తీసినా, బయట ఉన్న వ్యాధి కణజాలం మిగిలితే నొప్పి కొనసాగవచ్చు. కాబట్టి ఆ నిర్ణయానికి ముందు రెండవ వైద్యుని అభిప్రాయం తప్పక తీసుకోవాలి.

నస్పూర్, శ్రీరాంపూర్ ప్రాంతాల సింగరేణి కార్మిక కుటుంబాలు ముందుగా సంస్థ ఆసుపత్రిలో చూపించుకుని, అవసరమైతే పెద్ద ఆసుపత్రికి రిఫరల్ కోరవచ్చు. ఇతరులు మంచిర్యాల ప్రభుత్వ ఆసుపత్రిలో సంప్రదించి, ఈ చికిత్స ఆరోగ్యశ్రీలో వర్తిస్తుందో లేదో అడగాలి. వైద్యురాలు కావాలని కోరడంలో తప్పులేదు. దొరకనప్పుడు అవసరం మేరకు పురుష వైద్యుని చికిత్సను ధర్మవేత్తలు అనుమతించారు. సిగ్గుతో చికిత్సను వాయిదా వేయడం తగదు.

వైద్యుని వద్దకు భర్త కూడా వెళ్లాలి. వ్యాధి ఎక్కడెక్కడ ఉంది, ఏమి తీస్తారు, ఏమి మిగులుస్తారు, తరువాత ఏ మందులు వాడాలి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు విన్నాకే అంగీకారపత్రంపై సంతకం చేయాలి.