షుగర్ పడిపోయిన వేళ మనసు

రక్తంలో చక్కెర పెరిగితే కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతింటాయన్న సంగతి మధుమేహం ఉన్న ప్రతి ఇంటికీ తెలిసినదే గానీ, అదే చక్కెర ఉన్నట్టుండి పడిపోయినప్పుడు మనసు పడే అవస్థను గురించి ఇళ్లలోనూ, వైద్యుల గదుల్లోనూ జరిగే చర్చ చాలా తక్కువ. వాడుకలో లో షుగర్ అని చెప్పుకునే ఈ స్థితి పేరు హైపోగ్లైసీమియా. డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాముల కంటె తగ్గితే అది హెచ్చరిక, 54 కంటె తగ్గితే ప్రమాదం. అంకె ఎంతయినా, మరొకరి సాయం లేనిదే తేరుకోలేని పరిస్థితి వస్తే దానిని తీవ్రమైనదిగా పరిగణిస్తారు. ఇన్సులిన్ తీసుకునేవారికీ, క్లోమం చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా స్రవింపజేసే గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారికీ ఈ బెడద ఎక్కువ, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి అరుదు.

శరీర బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతి వేళ శరీరం వెచ్చించే శక్తిలో దాదాపు 20 శాతాన్ని వాడుకుంటుంది; పైగా గ్లూకోజును చెప్పుకోదగినంతగా నిల్వ చేసుకోలేదు కనుక రక్తం క్షణక్షణం తెచ్చిపెట్టే దానిమీదే ఆధారపడి బతుకుతుంది. అందువల్ల చక్కెర తగ్గడం మొదలు కాగానే కాలేయం నుంచి గ్లూకోజును విడుదల చేయించే గ్లూకగాన్‌తో పాటు అడ్రినలిన్ కూడా పెరిగి, గుండె దడ, చేతుల వణుకు, చెమట, ఆకలి కలుగుతాయి. పులి ఎదురైన మనిషిలో ఉప్పొంగేది కూడా ఈ అడ్రినలినే. కాబట్టి ఎదుట ఏ ఆపదా లేకపోయినా మనిషికి నిజమైన భయమే కలుగుతుంది, దానిని ఉత్త కంగారు అని కొట్టిపారేయడం అన్యాయం. చక్కెర ఇంకా తగ్గితే మెదడే ఆకలితో తడబడుతుంది: మాట ముద్దగా వస్తుంది, చిన్న లెక్క తప్పుతుంది, చిరాకు, మొండితనం, ఒక్కోసారి ఏడుపు ముంచుకొస్తాయి. 1990లలో ఎడిన్‌బరోలో బ్రయన్ ఫ్రయర్ బృందం ఆరోగ్యవంతుల రక్తంలో చక్కెరను నియంత్రిత పద్ధతిలో తగ్గించి చూసినప్పుడు, వారిలో ఉద్విగ్నత పెరగడం, ఉత్సాహం, ఓపిక సన్నగిల్లడం ఒకేసారి కనిపించాయి. మధుమేహమే లేనివారి మనసు కూడా అలా మారిందంటే, ఆ చిరాకు రోగి స్వభావంలోని లోపం కాదని వేరే చెప్పనక్కరలేదు.

విశాఖపట్నం వంటి ఊరిలో ఈ హెచ్చరికను గుర్తుపట్టడం మరింత కష్టం. గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసులు రాత్రింబవళ్లు మండుతూ ఉండవలసినవే. వాటి సెగ దగ్గరా, ఓడరేవులో ఎండ కింద సరుకు దించే చోటా చెమట, దడ, నీరసం అందరికీ మామూలే కనుక, షుగర్ పడిపోతున్న మనిషి కూడా అది ఉక్కపోతే అనుకునే అవకాశం ఎక్కువ. వేడికి చర్మం కింది రక్తనాళాలు వ్యాకోచించి ఇన్సులిన్ త్వరగా రక్తంలో కలుస్తుంది, శ్రమకు కండరాలు గ్లూకోజును ఎక్కువగా లాగుకుంటాయి, షిఫ్టు మారిన వారం భోజనవేళలు తారుమారవుతాయి. శ్రమ ప్రభావం గంటల తరబడి నిలుస్తుంది గనుక, ఆషాఢ పున్నమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసి వచ్చిన భక్తుడికి షుగర్ దారిలో కాక, ఇంటికి చేరి నిద్రపోయాక పడిపోవచ్చు. ఇక నైట్ షిఫ్టు ముగించుకుని బస్టాపులో తూలిన కార్మికుణ్ణి తాగి ఉన్నాడని జనం తప్పుకుపోతే, ఆ అవమానం గ్లూకోజు ఎక్కించినంత మాత్రాన పోయేది కాదు.

అన్నిటికంటె ఎక్కువ కాలం నిలిచేది, మళ్లీ అలా జరుగుతుందేమోనన్న భయం. వర్జీనియా విశ్వవిద్యాలయంలో డానియెల్ కాక్స్, ఆయన సహచరులు 1987లోనే ఈ భయాన్ని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించి, అందులో మనిషి పడే ఆందోళనను ఒక భాగంగానూ, ఆ ఆందోళన వల్ల అతడు చేసే పనులను మరొక భాగంగానూ విడదీశారు. ఈ విభజన చాలా విలువైనది, ఎందుకంటే భయపడినవారు ఇన్సులిన్ మోతాదును తమంతట తామే తగ్గించుకుంటారు, పడుకునే ముందు అవసరం లేకున్నా తింటారు, ఒంటరిగా ప్రయాణించడం మానుకుంటారు, షుగర్‌ను ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే ఉంచుకుంటారు. ఆ ఎక్కువే ఏళ్ల తరబడి కళ్లనూ మూత్రపిండాలనూ తినేస్తుంది. వైద్యుడికి కనిపించేది పెరిగిన అంకె మాత్రమే, దాని వెనుక ఉన్న రాత్రి కనిపించదు. అర్ధరాత్రి లేచి భర్త నుదుటికి చెమట పట్టిందేమోనని తడిమి చూసే భార్యకూ ఈ భయంలో వాటా ఉంది.

విచిత్రమేమిటంటే, తరచూ షుగర్ పడిపోయేవారిలో ఆ భయాన్ని పుట్టించే హెచ్చరికే మొద్దుబారుతుంది. దడ, వణుకు లేకుండానే మనిషి నేరుగా తికమకలోకి జారిపోతాడు. అమెరికా వైద్యుడు ఫిలిప్ క్రయర్ విశదీకరించిన ఈ స్థితి శాశ్వతం కానక్కరలేదు, కొన్ని వారాలపాటు షుగర్ పడిపోకుండా జాగ్రత్తపడితే చాలామందిలో హెచ్చరిక తిరిగి మేలుకుంటుంది. దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది: చాలాకాలం షుగర్ ఎక్కువగా ఉన్నవారికి అది మామూలు స్థాయికి దిగుతున్నప్పుడే వణుకు పుడుతుంది. ఆ వణుకు అబద్ధం కాదు, కానీ గ్లూకోమీటరుతో చూసుకోకుండా ప్రతిసారీ తీపి తినడం దానికి మందు కాదు.

మెలకువగా ఉండి మింగగలిగినవారికి సుమారు 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. నాకేమీ కాలేదని గ్లాసును తోసేసే మనిషితో ఆ క్షణంలో వాదన పెట్టుకోకుండా, నెమ్మదిగా మళ్లీ గ్లాసు అందించడమే ఇంటివారు చేయవలసిన పని. తేరుకున్నాక తానన్న మాటలు అతడికి గుర్తుండకపోవచ్చు. ఇంటివారికి మాత్రం గుర్తుంటాయి.