సర్ది తగ్గినా దమ్ము ఎందుకు తగ్గదు?

ఆదిలాబాద్‌లో చలి ముదిరి రాత్రిపూట 5, 6 డిగ్రీలకు పడిపోయే రోజుల్లో పిల్లల డాక్టర్ల దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది. "సర్ది అయింది సార్, తగ్గింది. కానీ రాత్రయితే పిల్లికూతలు, దమ్ము." ఉర్దూలో దమా అన్నా, పుస్తకాల్లో ఉబ్బసం అన్నా జబ్బు ఒకటే.

ఇంట్లో పెద్దలు పెరుగు మీద, అరటిపండు మీద నెపం వేస్తారు. అసలు కారణం చాలాసార్లు వైరస్. బ్రిటన్‌లో 1995లో వచ్చిన ఒక అధ్యయనంలో, బడి పిల్లలకు ఆయాసం వచ్చిన సందర్భాల్లో దాదాపు 80 శాతం వాటిలో వైరస్ దొరికింది. ఎక్కువగా మామూలు జలుబు తెచ్చే రైనోవైరసే.

పసిపిల్లల ఊపిరి గొట్టాలు సన్నవి. వైరస్ సోకితే లోపలి పొర వాచి, కఫం నిండి, గాలి ఈల వేసినట్టు పోతుంది. చాలామందికి ఇది బడికి పోయే వయసుకు తగ్గిపోతుంది. కొందరికి తగ్గదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో, తల్లిదండ్రులకు అలర్జీ లేదా ఉబ్బసం ఉన్న పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించి 2008లో ఫలితాలు చెప్పారు. మూడేళ్లలోపు రైనోవైరస్‌తో పిల్లికూతలు వచ్చినవారికి ఆరేళ్లకు ఉబ్బసం ఉండే అవకాశం దాదాపు 10 రెట్లు, ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌తో వచ్చినవారికి 2.6 రెట్లు ఎక్కువ. వైరసే ఉబ్బసం తెస్తుందా, ముందే ఉన్న బలహీనతను బయటపెడుతుందా అన్నది ఇంకా తేలలేదు.

దీనికి మన దగ్గరి పొగ, దుమ్ము తోడైతే చెప్పక్కర్లేదు. కట్టెల పొయ్యి, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు, రామగుండం బొగ్గు. బీడీలు చేసే ఇండ్లల్లో తంబాకు చాట పక్కనే పసిపాపను పడుకోబెట్టడం మాత్రం మన చేతిలో ఆపగలిగేది.

యాంటీబయాటిక్ సూది వైరస్‌ను చంపదు. ఇన్‌హేలర్ "అలవాటైతది" అని భయపడేవాళ్లు ఒక లెక్క చూడాలి. సాల్బుటమాల్ ఒక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాములే ఉంటుంది. అదే మందు సిరప్ ఒక చెంచా తాగిస్తే 2 మిల్లీగ్రాములు, అంటే 20 రెట్లు. చిన్నపిల్లలకు స్పేసర్ పెట్టి ఇస్తే మందు నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది. మృగశిర కార్తెకు నాంపల్లి చేపమందుకు పోయేవాళ్లు పోతారు, అది నమ్మకం. దాన్ని నమ్ముకుని డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు.

ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోయినా, మాట రాకపోయినా, పెదవులు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.